బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంటే ఏం చేయాలి?

బెంగళూరులో డిసెంబరు, జనవరి ఉదయాల్లో చన్నీళ్ల స్నానం అందరి వల్లా కాదు. కరెంటు ఖర్చు తగ్గుతుందనీ, నీళ్లు క్షణాల్లో కాగుతాయనీ మారతహళ్లి, కె.ఆర్.పురం, బీటీఎం లేఅవుట్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చాలాకాలంగా గ్యాస్ గీజర్లు వాడుతున్నాయి. వాటిని బాత్రూమ్ లోపలి గోడకే బిగించిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గీజరు పాడైతేనే ప్రమాదమని చాలామంది నమ్మకం. నిజానికి ఏ లోపమూ లేని కొత్త గీజరు కూడా తలుపులు మూసిన చిన్న గదిలో ప్రాణం తీయగలదు. కాబట్టి మరమ్మతు కంటే ముందు అది ఉన్న చోటు గురించి ఆలోచించాలి.

నిమిషానికి ఆరు లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించాలంటే సుమారు 10 కిలోవాట్ల వేడి కావాలి. అంటే వంటింటి పొయ్యిలోని పెద్ద బర్నరుతో పోలిస్తే గీజరు నాలుగైదు రెట్లు ఎక్కువగా మండుతుంది. అంత మంటకు కావలసిన గాలి మూసిన గదిలో త్వరగా తరిగిపోతుంది. ఆక్సిజన్ చాలక గ్యాస్ సగం సగంగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాస్ లీకైతే పసిగట్టడానికి కలిపే ఘాటైన వాసన మంటలోనే కాలిపోతుంది కనుక, వాసన రావడం లేదని నిశ్చింతగా ఉండకూడదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా ఈ వాయువును పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం కలుగుతాయి. ఆ తరువాత కాళ్లలో పట్టు తప్పి, గడియ తీయాలని తెలిసినా తీయలేని స్థితి వస్తుంది.

ఈ లక్షణాలను మన ఇళ్లలో తేలికగా కొట్టిపారేస్తారు. పైత్యం చేసిందనో, ఉపవాసం వల్ల నీరసమనో, బీపీ పడిపోయిందనో సరిపెట్టుకుంటారు. స్నానానికి వెళ్లినప్పుడే తల తిరిగి, బయటికి వచ్చి కాసేపు కూర్చోగానే తగ్గిపోతూ ఉంటే ముందుగా గీజరునే అనుమానించాలి.

ఎవరైనా లోపల పడిపోతే

పిలిచినా పలకకపోతే ఆలోచిస్తూ నిలబడకుండా తలుపు విరగ్గొట్టండి. గ్యాస్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, మనిషిని వెంటనే ఆరుబయటికి తీసుకురండి. లోపల నిలబడి లేపే ప్రయత్నం చేస్తే సాయానికి వెళ్లినవారు కూడా పడిపోతారు. 108కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి; ఆడకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో బలంగా నొక్కుతూ సీపీఆర్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకూడదు.

ఆసుపత్రిలో మొదటి మాటగా, గ్యాస్ గీజరు ఉన్న బాత్రూమ్‌లో పడిపోయారని చెప్పండి. ఈ ఒక్క మాటతో చికిత్స దారి మారుతుంది, ఎందుకంటే వేలికి తగిలించే ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెట్టి 98 అని చూపించవచ్చు. అసలు సంగతి తెలియాలంటే కార్బాక్సీహీమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్) కోసం రక్తపరీక్ష చేయాలి. మామూలు గాలిలో ఈ వాయువు మోతాదు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర చాలు. గర్భిణి అయితే ఆమె తేరుకున్నట్టు కనిపించినా కడుపులోని బిడ్డకు ముప్పు ఉండవచ్చు కనుక తప్పనిసరిగా డాక్టరుకు చూపించాలి. కోలుకున్నవారిలో కొన్ని రోజుల తరువాత, ఒక్కోసారి వారాల తరువాత మతిమరుపు, ప్రవర్తనలో మార్పు మొదలైతే మళ్లీ వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

గీజరును ఆపి, పరిశీలించడం

గ్యాస్ వాసన వస్తుంటే ఇది వేరే ప్రమాదం: లీకు. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది కాబట్టి నేలమట్టంలో పేరుకుంటుంది. స్విచ్చులు వేయకండి, తీయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వేయకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చాకే గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

వాసన లేకపోతే, బాత్రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు తలుపు, వెంటిలేటరు పూర్తిగా తెరిచి, గీజరు వెలిగించి ఒక్క నిమిషం దూరం నుంచి చూడండి. మంట నిలకడగా నీలంగా ఉండాలి. పసుపు, నారింజ రంగు మంట, గీజరు పైనున్న గోడ మీద మసి, వెలిగేటప్పుడు టప్పుమనే శబ్దం, వెలిగి ఆరిపోతుండడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే గ్యాస్ కట్టేసి, బ్యాటరీలు తీసేసి, మెకానిక్ వచ్చేదాకా దాని జోలికి వెళ్లకండి. మంట నీలంగా ఉన్నంత మాత్రాన బాత్రూమ్ లోపల వాడుకోవచ్చని అర్థం చేసుకోకూడదు. గీజరు చోటు మార్చేదాకా నీళ్లు వంటింట్లోనే కాచుకోండి.

మెకానిక్‌తో చేయించే పనులు

కంపెనీ సర్వీసు మనిషినే పిలవడం మంచిది. జెట్లలో (గ్యాస్ బయటికి వచ్చే సన్నని రంధ్రాల్లో) చేరిన దుమ్ము, సాలెగూళ్లు, వేడెక్కే రేకుల మధ్య పేరుకున్న మసి శుభ్రం చేయించాలి. గాలి ఆడే దారి మూసుకుపోతే మంట చెడుతుంది. బోరు నీళ్ల సున్నం పట్టి పైపులు ఇరుకైతే అది కూడా తీయించాలి. గ్యాస్ ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూసి, అయిదేళ్లు దాటితే మార్పించండి. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో మీ కళ్లముందే చూపించమనండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. గీజరు మాటిమాటికీ ఆగిపోతోందంటే, కొందరు మెకానిక్‌లు సెన్సారును తప్పించి వైరు నేరుగా కలిపేసి, ఇక ఆగదని చెప్పి వెళ్తారు. కొన్ని మోడళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు గీజరును ఆపే సెన్సారు ఉంటుంది. అది ఆపుతోందంటే మిమ్మల్ని కాపాడుతోందని అర్థం. ఆ సెన్సారును తీసేయడానికి ఎవరినీ అనుమతించకండి.

ఇంటికి పైపు గ్యాస్ కనెక్షన్ తీసుకున్నవారు పాత ఎల్‌పీజీ గీజరును ఆ పైపుకు నేరుగా తగిలించకూడదు. రెండింటి పీడనం వేరు, జెట్ల పరిమాణం వేరు.

చోటు మార్చడం

గీజరు గాలి ధారాళంగా ఆడే బయటి గోడ మీద ఉండాలి. బెంగళూరు ఇళ్లలో వంటింటి వెనక ఉండే యుటిలిటీ ఇందుకు పనికొస్తుంది, అయితే వానజల్లు కోసమో దోమల కోసమో దాని గ్రిల్లుకు అద్దాలు, ప్లాస్టిక్ షీట్లు బిగిస్తే అది కూడా మూసిన గదే అవుతుంది. బాత్రూమ్ వెంటిలేటర్లు తెరుచుకునే డక్ట్‌లో (అంతస్తులన్నిటి గుండా నిలువుగా ఉండే ఇరుకు ఖాళీలో) పెట్టడం మరీ ప్రమాదం, ఎందుకంటే మీ గీజరు వదిలే వాయువు పై అంతస్తుల బాత్రూమ్‌లలోకి వెళ్తుంది. గీజరు పక్కనే కిటికీ ఉండి, లోపల ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే ఆ ఫ్యానే కాలిన వాయువును ఇంట్లోకి లాగుతుంది. బయటి నుంచి వేడినీళ్ల పైపు మాత్రమే బాత్రూమ్‌లోకి రావాలి. గోడకు చేసిన రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చేయాలి. సిలిండరును ఎట్టి పరిస్థితుల్లోనూ బాత్రూమ్‌లో పెట్టకూడదు.

అద్దె ఇంట్లో ఉన్నవారు ఫోటోలతో సహా వాట్సాప్‌లో ఓనరుగారికి రాయండి. ఖర్చు ఎవరిదో, అడ్వాన్సులో మినహాయిస్తారో లేదో కూడా రాతలోనే తేల్చుకోండి. బయట చోటు లేదంటే గ్యాస్ గీజరు మానేసి, ఎర్తింగ్ సరిగా ఉన్న కరెంటు గీజరు పెట్టించమని అడగడమే సరైనది.

మార్పు జరిగేలోపు నీళ్లు కాచుకునే వీలు ఏమాత్రం లేనివారు తలుపు తెరిచే ఉంచి బకెట్ నింపుకొని, గ్యాస్ కట్టేసి, గది గాలి బాగా మారాకే లోపలికి వెళ్లాలి. దీనివల్ల ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు. భోగి నాడు ఇంటిల్లిపాదీ ఒకరి వెనక ఒకరు తలంటు పోసుకునేటప్పుడు, ముందు వెళ్లినవారి స్నానంలో చేరిన వాయువు చివరి వ్యక్తికి మిగులుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఆ రోజు బాత్రూమ్ గీజరు అసలు వెలిగించకండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనేటప్పుడు ఈఎన్ 50291 అనే ఐరోపా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. ఎల్‌పీజీ లీకును పట్టే అలారం ఈ వాయువును పట్టలేదు. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాల కార్బన్ మోనాక్సైడ్ చేరితే దాని అలారం మూడు నిమిషాల్లో మోగాలి, 50 భాగాల వద్ద మాత్రం గంట నుంచి గంటన్నర పట్టవచ్చు. ఆవిరి తగిలితే సెన్సారు పాడవుతుంది కనుక బాత్రూమ్ లోపల కాకుండా, దాని తలుపు బయట ఉన్న గదిలో పెట్టండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూసి, వెనక రాసిన గడువు తేదీ దాటగానే కొత్తది తీసుకోండి.