స్క్రీన్ నల్లగా ఉంటే బీప్ వినండి

సొంతంగా బిగించిన పీసీలో ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం రాదు. తప్పు ర్యామ్‌దా, బోర్డుదా తెలీదు. తప్పెక్కడో బీప్ శబ్దాలతో చెప్పే చిన్న బీప్ స్పీకర్‌ను క్యాబినెట్‌తో ఈమధ్య చాలావరకు ఇవ్వడం లేదు. రోజూ దాంతో పని లేదు గానీ, ఇలాంటప్పుడు కావాలి. పాత క్యాబినెట్‌లోది పీకినా సరిపోతుంది.

మదర్‌బోర్డుపై పవర్ స్విచ్ వైర్లు పెట్టేచోటే 'స్పీకర్' అని 4 పిన్నులుంటాయి. బీప్ స్పీకర్ ప్లగ్‌లో వైర్లు రెండే, రెండు చివర్లా ఉంటాయి, దాన్ని ఆ పిన్నులకు గుచ్చండి. అటూఇటూ అయినా సాధారణంగా మోగుతుంది.

ఇప్పుడు పీసీ కరెంటు ప్లగ్ తీసేసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి, ర్యామ్ స్టిక్కులన్నీ తీయండి. మళ్లీ కరెంటిచ్చి ఆన్ చేయండి. బీప్‌లు వరసగా వస్తే ప్రాసెసర్, బోర్డు చాలావరకు పనిచేస్తున్నట్టే. ఆపేసి, ర్యామ్ కాంటాక్టులు తుడిచి, ఒక్కో స్టిక్కూ పెట్టి చూడండి. ఎన్ని బీప్‌లకు ఏమర్థమో బయోస్‌ను (పీసీ ఆన్ కాగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) బట్టి మారుతుంది, బోర్డు మాన్యువల్ చూడాల్సిందే.

బీప్ అసలు రాకపోతే వెంటనే బోర్డు పోయిందనుకోవద్దు. ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ మరిచిపోయినా ఇంతే నిశ్శబ్దం. కొన్ని కొత్త బోర్డుల్లో స్పీకర్ పిన్నులే ఉండవు, బదులు తప్పెక్కడో చూపే చిన్న ఎల్‌ఈడీలు వెలుగుతాయి.