జార్జియాలో సొంత చెరువు కట్ట ఉందా? కేటగిరీ, పర్మిట్ దరఖాస్తు విధానం

అట్లాంటా చుట్టుపక్కల చెరువున్న స్థలం కొన్నవాళ్లలో కొందరికి, మట్టికట్ట కూడా తమదేనన్న సంగతి రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చాకే తెలుస్తుంది. అందులో ‘కేటగిరీ 1’ అని కనబడగానే కట్ట పాడైపోయిందేమోనని టెన్షన్ పడతారు. నిజానికి కట్ట ఎంత గట్టిగా ఉందన్నది కేటగిరీ చెప్పదు. గండి పడితే దిగువన మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉంటే 1, లేకపోతే 2. అంతే.

ఈ లెక్క వెనక ఒక విషాదం ఉంది. 1977 నవంబర్ 6 అర్ధరాత్రి దాటాక జార్జియాలోని టొకోవా ఊరి దగ్గర కెల్లీ బార్న్స్ మట్టికట్ట తెగి 39 మంది చనిపోయారు. అదీ ప్రైవేటు కట్టే. మరుసటి ఏడాదే కట్టల భద్రత కోసం రాష్ట్రంలో సేఫ్ డ్యామ్స్ చట్టం వచ్చింది.

ముందు మీ కట్ట ఈ చట్టం కిందికి వస్తుందో లేదో చూసుకోండి. ఎత్తు 25 అడుగులు, లేదా నీటి నిల్వ 100 ఎకర-అడుగులు (ఎకరం మేర ఒక అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకర-అడుగు), ఈ రెండిటిలో ఏది తాకినా వస్తుంది. ఎత్తు 6 అడుగులు మించని చిన్న కట్టలకు మినహాయింపు. నిల్వను లెక్కేసేటప్పుడు రోజూ కనబడే నీటిమట్టం సరిపోదు, కట్ట పొర్లకుండా ఎంతవరకు నిండగలదో అంతా లెక్కే. చాలామంది తప్పు లెక్క వేసుకునేది ఇక్కడే.

కేటగిరీ కోసం మీరు దరఖాస్తు చేయక్కర్లేదు. రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ విభాగం, అంటే ఈపీడీలోని సేఫ్ డ్యామ్స్ ప్రోగ్రామ్ వాళ్లే, గండి పడితే నీరు ఎక్కడిదాకా పోతుందో చూసి నిర్ణయిస్తారు. కేటగిరీ 2 అయితే పర్మిట్ అక్కర్లేదు. కానీ కనీసం అయిదేళ్లకోసారి మళ్లీ చూస్తారు. ఈలోగా దిగువన ఎవరో ఇల్లు కట్టుకుంటే మీ కట్ట ఒకటో కేటగిరీకి మారిపోవచ్చు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, కానీ చట్టం చూసేది ఆ ఇంట్లో ఉండేవాళ్లనే.

కేటగిరీ 1 అయితే పర్మిట్ తప్పదు. దరఖాస్తుకు అసలు బలం ఇంజనీరు. డ్యామ్‌ల పనిలో అనుభవం ఉండి, ఈపీడీ ఒప్పుకున్న లైసెన్స్‌డ్ ఇంజనీరునే పెట్టుకోవాలి. కట్ట సర్వే, వాలు నిలకడ, అలుగు వరదను దాటించగలదా అన్న లెక్కలు ఆయన తయారుచేస్తారు. 25 అడుగులు మించని, 500 ఎకర-అడుగుల లోపు చిన్న కట్టయితే, ఆ ప్రాంతంలో కురవగల గరిష్ఠ వర్షంలో 25 శాతాన్ని తట్టుకుంటే చాలు. కట్ట సరిహద్దు గీత మీద ఉండి ఇద్దరు ముగ్గురికి చెందినదైతే, దరఖాస్తుకు ముందే ఖర్చు పంపకం కాగితం మీద పెట్టుకోండి. అలా పెట్టుకోకపోతే పని ఆలస్యం కావచ్చు.

ఇంజనీరు రాకముందే మీరూ ఒకసారి కట్ట దిగువ అంచున నడిచి చూడండి. ఊట తేటగా ఉంటే చోటు గుర్తుపెట్టి ఆయనకు చూపించండి. బురదగా వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేయాలి. పాత కట్టల్లో తూముగా వేసిన రేకు గొట్టం తుప్పుపట్టి, దాని పైన నేల చిన్న గుంటలా కుంగుతుంది. కట్ట మీద పెద్ద చెట్లుంటే ఇంజనీరును అడగకుండా వేర్లు పెకలించకండి.

ఇదంతా ఎందుకు, కట్ట తెంచేస్తే పోతుంది కదా అనుకునేవాళ్లూ ఉంటారు. కేటగిరీ 1 కట్టను తెంచడానికీ ఇంజనీరు ప్లాన్, ఈపీడీ ఆమోదం కావాలి.