బిజినెస్ స్టడీస్ పిల్లలకు ఎక్కాలంటే ముందు నిర్ణయం, ఆ తర్వాతే నిర్వచనం

బిజినెస్ స్టడీస్ పాఠం చాలా క్లాసుల్లో ఒకే తీరుగా నడుస్తుంది. బోర్డు మీద నిర్వచనం, దాని కింద లక్షణాలు, ప్రయోజనాలు, పరిమితులు, పిల్లలు తల వంచుకుని రాసుకోవడం. పరీక్షలో నిర్వచనం అడిగితే గడగడా రాసేస్తారు. "ఈ వ్యాపారం వచ్చే నెల అద్దె కట్టగలదా?" అని అడిగితే మాత్రం పెన్ను కదలదు. తెలివి తక్కువై కాదు, ఆ మాటల అవసరం ఎక్కడ పడుతుందో వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: ముందు ఒక నిర్ణయం వాళ్ల ముందు పెట్టండి, కాసేపు దానితో కుస్తీ పట్టనివ్వండి, వాళ్లు తమ మాటల్లో దాని దగ్గరకు వచ్చాక "దీన్నే ఫలానా అంటారు" అని పేరు చెప్పండి.

దీనికి ఏడాది పొడుగునా ఒకే చిన్న వ్యాపారాన్ని పట్టుకోవడం మంచిది. అధ్యాయానికో కొత్త కంపెనీ తెస్తే దాన్ని పరిచయం చేయడానికే సగం పీరియడ్ పోతుంది, పైగా ఖర్చుల పాఠానికీ మార్కెటింగ్ పాఠానికీ సంబంధమే లేదన్నట్టు పిల్లల బుర్రల్లో వేర్వేరు గదులు తయారవుతాయి. టీషర్టుల మీద బొమ్మలు ముద్రించి అమ్మే వ్యాపారం అనుకుందాం. నెలకు గది అద్దె, మెషిన్ అద్దె కలిపి 6,000. ఒక్కో టీషర్టుకు బట్ట, రంగు కలిపి 120. అమ్మకం ధర 200. ఏ దేశపు డబ్బైనా పర్లేదు, లెక్క నోటితో వేసుకోగలిగేలా ఉంటే చాలు.

ముందుగా పిల్లల్ని అడగండి: నెలంతా ఒక్క టీషర్టు కూడా అమ్మకపోతే ఎంత పోతుంది? 6,000 అంటారు. ఒకటి అమ్మితే? ఇక్కడ చాలామంది 200 లాభం అంటారు, ఇంకొందరు 80 అంటారు, ఒకరిద్దరు మాత్రం "5,920 నష్టం" అంటారు. ఈ మూడు జవాబుల మీదే వాదించుకోనివ్వండి. అమ్మకాల డబ్బుకూ లాభానికీ తేడా, స్థిర ఖర్చు, మారే ఖర్చు, ఒక్కో సరుకు మీద మిగిలేది, అన్నీ ఆ పది నిమిషాల గొడవలోనే బయటకు వస్తాయి. స్థిర ఖర్చు దగ్గర ఒక పొరపాటు తప్పకుండా ఎదురవుతుంది: "వచ్చే ఏడాది అద్దె పెరుగుతుంది కదా, మరి అది స్థిరం ఎలా అవుతుంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. ఎన్ని టీషర్టులు చేశామన్న దాన్ని బట్టి మారని ఖర్చు స్థిర ఖర్చు, ఎప్పటికీ మారనిదని అర్థం కాదు. పది చేసినా వంద చేసినా ఈ నెల అద్దె అదే.

అక్కడి నుంచి బ్రేక్ ఈవెన్‌కు, అంటే లాభమూ నష్టమూ లేని చోటుకు, సూత్రం చెప్పకుండానే వెళ్లొచ్చు. ఒక్కో దాని మీద 80 మిగులుతోంది, 6,000 పూడాలి, ఎన్ని అమ్మాలి? 75. సూత్రం వాళ్లే కనిపెట్టినట్టయింది. కానీ అక్కడితో ఆపేస్తే ఇది లెక్కల పాఠంగానే మిగిలిపోతుంది. "ధర 220 చేద్దామా?" అని అడగండి. ఇప్పుడు ఒక్కో దాని మీద 100 మిగులుతుంది, 60 అమ్మితే చాలు. అందరూ సంబరంగా "చేద్దాం" అంటారు. అప్పుడు చెప్పండి, 200 ధరకు నెలకు 100 అమ్ముడవుతున్నాయి, 220 చేస్తే 70 మందే కొంటారని అంచనా. లెక్క వేస్తే పాత ధర మీద లాభం 2,000, కొత్త ధర మీద 1,000. బ్రేక్ ఈవెన్ తగ్గింది, లాభమూ తగ్గింది. ఆ క్షణంలో క్లాసు నిశ్శబ్దమైతే పాఠం దిగినట్టే. ఇంకొకరు లేచి "ఆ 70 అన్న అంచనా ఎవరు చెప్పారు?" అని అడిగితే ఇంకా మంచిది, మార్కెట్ పరిశోధన పాఠానికి తలుపు వాళ్లే తీశారు.

ఇక లాభం, నగదు. మొత్తం సిలబస్‌లో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలని అడిగితే నేను దీన్నే చూపిస్తాను, ఎందుకంటే పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోయే ఈ విషయం అర్థం కాకపోతే అప్పు, అరువు, బ్యాలెన్స్ షీట్, చివరికి వ్యాపారాలు ఎందుకు మూతపడతాయన్నది కూడా గాలిలో ఉండిపోతుంది. లాభాల్లో ఉన్న వ్యాపారం మూతపడటం ఏమిటని పిల్లలకు అస్సలు నమ్మబుద్ధి కాదు. చెప్పి నమ్మించే ప్రయత్నం చేయకండి. ఈ పట్టిక వాళ్ల చేతే వేయించండి.

టీషర్టుల వ్యాపారం దగ్గర 20,000 నగదు ఉంది. ఒక పెద్ద సంస్థ ఒకేసారి 200 టీషర్టులు కావాలంది, డబ్బు మాత్రం మూడో నెలలో ఇస్తానంది. ఈ మూడు నెలల్లో వేరే అమ్మకాలు లేవనుకోండి. ఆర్డర్ తీసుకుందామా? చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తుతారు. సరే, మొదటి నెల లాభం ఎంత? అమ్మకం 40,000, టీషర్టుల ఖర్చు 24,000, అద్దెలు 6,000, లాభం 10,000. ఇప్పుడు పక్కనే ఇంకో వరుస గీయించండి, ఆ నెల చేతిలోకి వచ్చిన డబ్బు, చేతిలోంచి పోయిన డబ్బు. వచ్చింది సున్నా. పోయింది 30,000. ఉన్నది 20,000. అంటే 10,000 తక్కువ. ఒకే నెల, ఒకే ఆర్డర్, లాభం 10,000, నగదు మైనస్ 10,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద ఉంచి మీరు కాసేపు ఏమీ మాట్లాడకండి. వివరించాలన్న తొందర మనకే ఎక్కువ ఉంటుంది, దాన్ని ఆపుకోవాలి.

తర్వాత "మరి ఏం చేద్దాం?" అనండి. బట్ట ఇచ్చేవాడి దగ్గర నెల రోజులు అరువు తీసుకుందామని ఒకరు తప్పకుండా అంటారు. బాగుంది, రెండో నెల కూడా వేయమనండి. మొదటి నెల అద్దె పోగా 14,000 మిగిలింది, రెండో నెల అరువు 24,000, అద్దె 6,000 కట్టాలి, 16,000 తక్కువ పడింది. గండం వాయిదా పడిందే కానీ తప్పలేదు. కొనేవాళ్ల దగ్గర సగం అడ్వాన్స్ అడుగుదామని ఇంకొకరు అంటారు. మొదటి నెల చివర 10,000, రెండో నెల చివర 4,000, గట్టెక్కాం. అప్పుడు అసలు ప్రశ్న: కనీసం ఎంత అడ్వాన్స్ తీసుకోవాలి? 16,000 అని లెక్కగట్టే పిల్లలకు నగదు ప్రవాహ అంచనా ఎందుకు వేస్తారో మళ్లీ చెప్పాల్సిన పని లేదు. అడ్వాన్స్ ఇవ్వనంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకోనిచ్చే అప్పు), లేదా వంద టీషర్టులకే ఒప్పుకోవడం, లేదా ఆర్డర్ వదులుకోవడం, ఒక్కో దారికీ ఏం పోతుందో చెప్పమనండి. అవకాశ వ్యయం, అంటే ఒక దారి ఎంచుకున్నందుకు వదులుకున్న దారి విలువ, ఇక్కడ దానంతట అదే వచ్చేస్తుంది, దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు.

ఇదే పట్టిక మీద ఇంకో రెండు గందరగోళాలు తీర్చేయండి. బ్యాంకు అప్పు వస్తే నగదు పెరుగుతుంది, లాభం పెరగదు. తరుగుదల, అంటే సొంత మెషిన్ లాంటివి వాడే కొద్దీ తగ్గే విలువను ఖర్చుగా రాసుకోవడం, లాభాన్ని తగ్గిస్తుంది, ఆ నెల చేతిలోంచి పైసా పోదు.

మార్కెటింగ్ అంటే ప్రకటనలు అనే అభిప్రాయం మాత్రం చాలా గట్టిది. సరుకు, ధర, చోటు, ప్రచారం అనే నాలుగింటి జాబితా 1960 నుంచి పుస్తకాల్లో ఉంది, పిల్లలు దాన్ని మంత్రంలా అప్పజెబుతారు కూడా. జాబితా అడగకండి, ఒకదాన్ని మార్చి మిగతావి ఏమవుతాయో అడగండి. టీషర్టు ధర రెట్టింపు చేశాం, మరి బట్ట ఇదే ఉంచగలమా, ఇదే చోట అమ్మగలమా, ప్రకటనలో ఇవే మాటలు సరిపోతాయా? నాలుగూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది.

కెమెరా ఫిల్మ్ అమ్మిన కొడాక్ కంపెనీ కథ చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త. ఆ కంపెనీ ఇంజినీరే 1975లో డిజిటల్ కెమెరా తయారుచేశాడు, 2012లో కంపెనీ దివాలా రక్షణ కోరింది, కాబట్టి "మార్పును పట్టించుకోలేదు, మునిగింది" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం తేలిక. కానీ కొడాక్ తర్వాత డిజిటల్ కెమెరాలు అమ్మింది కూడా. ఫిల్మ్ మీద వచ్చే లాభం అంత ఎక్కువగా ఉన్నప్పుడు, దాన్నే తినేసే కొత్త సరుకులో డబ్బు పెట్టమని వాటాదారులకు ఎలా చెబుతారు? పిల్లల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి, అప్పుడు జవాబులు అంత తేలిగ్గా రావు.

ఉత్పత్తి, ఉద్యోగుల ప్రేరణ అనే రెండు అధ్యాయాలు కలిపి చెప్పండి. కాగితం కవర్లు చేయించండి: ఒక జట్టులో ఎవరి కవరు వాళ్లే మొదటి నుంచి చివరి దాకా, రెండో జట్టులో ఒకరు కోత, ఒకరు మడత, ఒకరు జిగురు. రెండో జట్టు సాధారణంగా ముందుంటుంది, జిగురు దగ్గర పని పేరుకుపోతే అదీ పాఠమే. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గుండుసూదుల లెక్క అప్పుడు చెప్పండి, పని పంచుకున్న పదిమంది రోజుకు 48,000 సూదులు. ఆ తర్వాత రోజంతా జిగురే రాయమంటే ఎలా ఉంటుందో అడగండి. ఫోర్డ్ కంపెనీలో 1913లో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చాక కారు ఛాసిస్ (అడుగు చట్రం) ఒకటి బిగించే సమయం 12 గంటలకు పైనుంచి గంటన్నర దగ్గరకు దిగింది, కానీ ఆ పని భరించలేక మానేసేవాళ్లు విపరీతంగా ఉండేవారు. 1914లో కంపెనీ రోజు కూలి 5 డాలర్లకు పెంచి, పనిగంటలు 9 నుంచి 8కి తగ్గించింది. ఇది దయా, లెక్కా? క్లాసు రెండుగా చీలిపోతుంది, చీలనివ్వండి. కొత్తవాళ్లను వెతికి నేర్పే ఖర్చు ఎంతో ఆలోచించే దాకా ఆ వాదన సాగాలి.

పరిమిత బాధ్యతకు, అంటే కంపెనీ బాకీలకు వాటాదారు సొంత ఆస్తి పోదన్న నియమానికి, మాత్రం ఒక్క కేసు చాలు. లండన్‌లో చెప్పులు, బూట్ల వ్యాపారి సాలమన్ తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు, 20,007 వాటాల్లో 20,001 ఆయనవే, మిగతా ఆరు ఇంట్లోవాళ్లవి. కంపెనీ మునిగింది. బాకీలు ఆయన సొంత ఆస్తి నుంచి రాబట్టాలా? పిల్లల్ని జడ్జీలుగా కూర్చోబెట్టి తీర్పు రాయమనండి, ఆ తర్వాతే 1896లో పై కోర్టు ఏమందో చెప్పండి: కంపెనీ వేరు, మనిషి వేరు, ఆయన కట్టక్కర్లేదు. బాకీలు రావాల్సినవాళ్లకు ఇది న్యాయమేనా అని కోపగించుకునే పిల్లలుంటారు. వాళ్లకు సర్దిచెప్పే పని పెట్టుకోకండి, బ్యాంకులు చిన్న కంపెనీల యజమానుల్ని సొంత హామీ ఎందుకు అడుగుతాయో వాళ్లే చెప్పగలరు.

జవాబు రాయడం దగ్గర ఎక్కువ మార్కులు పోయేది "పరిస్థితిని బట్టి ఉంటుంది" అని రాసి ఊరుకోవడం వల్ల. దేన్ని బట్టి? ఒక పిల్లాడు "ధర పెంచితే లాభం పెరగవచ్చు, పరిస్థితిని బట్టి ఉంటుంది" అని రాస్తే, తప్పు కొట్టకుండా ఆ వాక్యం పక్కన మూడు ప్రశ్నలు రాయండి: ఎందుకని, ఈ వ్యాపారంలో ఏ అంకె దాన్ని చూపిస్తోంది, ఏం మారితే నీ మాట మారుతుంది. రెండోసారి రాసేసరికి "ఒక్కో టీషర్టు మీద మిగిలేది 80 నుంచి 100కి పెరుగుతుంది, కానీ అమ్మకాలు 80 కంటే తగ్గితే పాత లాభం 2,000 కూడా రాదు, కాబట్టి కొనేవాళ్లు పోతారో లేదో తేలాకే పెంచాలి" అని వస్తుంది. ఆ 80 టీషర్టుల లెక్క ఎవరూ అడగకుండానే వాడే వేసుకున్నాడు. ఇలాంటి జవాబు ఒకటి క్లాసుకు చదివి వినిపిస్తే, మంచి జవాబు ఎలా ఉండాలో మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది చివర్లో పరీక్షల టెన్షన్ మొదలయ్యాక, పాత నోట్సు తిరగేయించే బదులు ఒక పీరియడ్ ఇలా గడపండి. టీషర్టుల వ్యాపారం రెండో ఊళ్లో ఇంకో దుకాణం తెరవాలనుకుంటోందని చెప్పి, అంకెలు ఒక్కటీ ఇవ్వకండి. నిర్ణయం కూడా అడగకండి. ఏయే అంకెలు, ఏయే సమాచారం కావాలో, ప్రతిదీ ఎందుకు కావాలో జట్లుగా రాయమనండి. అద్దె ఎంతో అడగడం అందరికీ వస్తుంది. అక్కడ కొనేవాళ్లు డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారో అడిగిన జట్టు ఉందేమో చూడండి. లేకపోతే మరుసటి పీరియడ్‌లో నగదు పట్టిక మళ్లీ తీయండి.