రాగి ధర కోసం పాత కాణీలు కూడబెట్టవచ్చా?

తాతలనాటి పెట్టెలో విక్టోరియా బొమ్మ ఉన్న కాణీలు దొరికాయని, రాగి ధర పెరుగుతోంది కదా అని మరిన్ని కొని దాచాలనుకునేవారు ముందు ఒక నాణేన్ని తూకం వేసి చూడండి. ఆ పావు అణా నాణెం సుమారు 6.5 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకు దాదాపు 155 నాణేలు కావాలి, కిలో రాగి వెయ్యి రూపాయలనుకున్నా ఒక్కోదానికి దక్కేది ఆరున్నర రూపాయలే. పాత సామాన్ల వ్యాపారి అందులోనూ కొంత తగ్గించే ఇస్తాడు. 1906లో కాణీ కంచుకు మారి 5 గ్రాముల లోపుకు తగ్గింది. 1943 నాటి చిల్లు కాణీ మరీ తేలిక. ముద్ర చెదరని నాణేనికి సేకరణకర్తలు లోహం ధరకు మించి ఇస్తారు కనుక, దయచేసి వాటిని చింతపండుతో తోమకుండా, ఆ నల్లని పొరతోనే పొడి కాగితంలో విడివిడిగా ఉంచండి.