సీఎన్‌సీ రూటర్ యూనిట్‌కి పీఎంఈజీపీ రుణం: విజయనగరం జిల్లాలో దరఖాస్తు విధానం

తలుపుల మీద డిజైన్లు, పూజా మందిరాల జాలీలు, షాపు బోర్డుల యాక్రిలిక్ అక్షరాలు, అల్యూమినియం ప్యానెళ్లు కంప్యూటర్ చెప్పినట్టు కోసిపెట్టే యంత్రం సీఎన్‌సీ రూటర్. దాంతో సొంత యూనిట్ పెట్టుకునేవారికి, బ్యాంకు రుణంతో పాటు ప్రభుత్వ సబ్సిడీ వచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే పీఎంఈజీపీ, బాగా పనికొస్తుంది. ఇక్కడ చెప్పేవి 2021-22 నుంచి 2025-26 ఆర్థిక సంవత్సరాలకు ఆమోదమైన నిబంధనలు. దరఖాస్తు మొదలుపెట్టే ముందు పీఎంఈజీపీ పోర్టల్లో తాజా ప్రకటన చూసుకోండి.

వయసు 18 దాటి ఉండాలి. ఇంట్లో భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. కొత్త యూనిట్‌కే వర్తిస్తుంది కాబట్టి ఇప్పటికే నడుస్తున్న కార్పెంటరీ షాపు పేరు మీద పెడితే దరఖాస్తు తిరిగొస్తుంది. మంజూరు కాకముందే అడ్వాన్సు కట్టి మిషన్ దింపేసుకోవడమూ ఇలాంటి చిక్కే తెస్తుంది.

తయారీ యూనిట్‌కి ప్రాజెక్టు వ్యయం 50 లక్షల దాకా, సేవా యూనిట్‌కి 20 లక్షల దాకా ఉండొచ్చు. మీరే ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన షీటు) కొని తలుపులు చేసి అమ్మితే అది తయారీ. కస్టమర్ తెచ్చిన షీటు కోసిచ్చి కూలి తీసుకోవడమే పనైతే సేవగా లెక్కేసే అవకాశం ఉంది. తయారీలో 10 లక్షలు, సేవలో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

సబ్సిడీ మీరెవరు, యూనిట్ ఎక్కడ అన్నదాన్ని బట్టి మారుతుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికులకు పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. సొంత వాటా 5 శాతం. మిగతావారికి 25, 15 శాతాలు. సొంత వాటా 10. ఉదాహరణకి గ్రామ పంచాయతీలో 10 లక్షల యూనిట్ పెట్టే మహిళ 50 వేలు పెట్టుకుంటే చాలు. సబ్సిడీ మూడున్నర లక్షలు. అదే యూనిట్ బొబ్బిలి మున్సిపాలిటీ హద్దులో పెడితే సబ్సిడీ రెండున్నరకి దిగుతుంది. షెడ్డు అద్దెకు తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోవడం మంచిది.

అసలు కష్టం ప్రాజెక్టు రిపోర్టు దగ్గరే. నెట్ సెంటర్లో ఇంకొకరి రిపోర్టుకి పేరు మార్చి అప్‌లోడ్ చేయించేవాళ్లు చాలామంది. బ్యాంకు మేనేజరు మిషన్ గురించి నాలుగు ప్రశ్నలు అడిగేసరికి అది బయటపడిపోతుంది. రిపోర్టు మీరే రాయండి, లేదా దగ్గర కూర్చుని రాయించండి. మార్కెట్లో షీటు 8×4 అడుగులది కాబట్టి షీటు పరిచే బెడ్ 1300×2500 మిల్లీమీటర్లు ఉండాలని రాయండి. స్పిండిల్ (కటింగ్ బిట్‌ని తిప్పే మోటారు) ఎన్ని కిలోవాట్లదో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో (చెక్క పనికి సాధారణంగా 18,000 నుంచి 24,000) కొటేషన్లో ఉండాలి. పొట్టు లాగే డస్ట్ కలెక్టర్, షీటు కదలకుండా పట్టే వాక్యూమ్ పంపు లేదా క్లాంపులు, కటింగ్ బిట్లు, కంప్యూటర్, డిజైన్ సాఫ్ట్‌వేర్ విడివిడిగా చూపండి. చాలామంది మిషన్ ధర ఒక్కటే వేసి, తర్వాత డస్ట్ కలెక్టర్‌కి చేతిడబ్బు వెతుక్కుంటారు. అల్యూమినియం కూడా కోస్తామంటే పొరలు పొరలుగా, నెమ్మదిగా కోయాలి కాబట్టి రోజువారీ ఉత్పత్తి అంచనా తగ్గించి చూపండి. ఇనుము జోలికి వెళ్లకండి, అది ఈ మిషన్ పని కాదు.

స్థలం ఖరీదు ప్రాజెక్టు వ్యయంలో కలపకూడదు. అద్దె మాత్రం మూడేళ్ల దాకా కలపొచ్చు. త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్‌కి విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌లో అడిగి ఆ ఖర్చూ రాసుకోండి. ముడిసరుకు ప్లైవుడ్, ఎండీఎఫ్, కోసిన చెక్క అని స్పష్టంగా ఉండాలి. దుంగలు కోస్తామంటే అటవీ శాఖ లైసెన్సు సంగతి వస్తుంది. కొనేదెవరో కూడా చెప్పాలి: చుట్టుపక్కల ఇళ్ల కాంట్రాక్టర్లు, ఫర్నిచర్ షాపులు, బోర్డులు రాసేవాళ్లు. బొబ్బిలి వీణల జ్ఞాపికలకి చెక్క పెట్టెలు, పీఠాలు చేయొచ్చు. వీణ మాత్రం పనస మొద్దు నుంచి చేత్తో చెక్కేవాళ్లదే, దాన్ని రిపోర్టులోకి లాగొద్దు.

దరఖాస్తు ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ (కేవీఐసీ) వారి పీఎంఈజీపీ పోర్టల్లో ఆన్‌లైన్లోనే. ఆధార్, పాన్, ఫొటో, చదువు సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, పల్లెలో పెడితే గ్రామీణ ప్రాంతమని సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. ఆధార్‌లో ఉన్న పేరే అన్నిటిలో ఉండేలా చూసుకోండి. ఫారంలో ఏజెన్సీ అన్న చోట విజయనగరం జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఎంచుకోవచ్చు, తర్వాత మీకు దగ్గరి బ్యాంకు శాఖని. జిల్లా కమిటీ ఇంటర్వ్యూ ఇప్పుడు లేదు. కాగితాలు పరిశీలించి నేరుగా బ్యాంకుకి పంపుతారు. రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం.

మంజూరయ్యాక సొంత వాటా జమ చేసి, వ్యాపార శిక్షణ పూర్తిచేయాలి. ప్రాజెక్టు 5 లక్షలు దాటితే 10 రోజుల శిక్షణ. సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లు మీ పేరు మీద డిపాజిట్‌గా బ్యాంకులోనే ఉంటుంది. దానికి వడ్డీ రాదు, రుణంలో అంత మొత్తానికి వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని వచ్చి తనిఖీ చేశాకే రుణంలో సర్దుతారు. మధ్యలో మిషన్ అమ్మేస్తే ఆ సబ్సిడీ వెనక్కి పోతుంది.

దరఖాస్తుకి ఫీజు లేదు. ఈ పథకానికి ఏజెంట్లెవరినీ పెట్టలేదని కేవీఐసీయే చెబుతోంది. కాబట్టి శాతం లెక్కన సబ్సిడీ తెప్పిస్తానని ఎవరైనా వస్తే, ఆధార్ ఓటీపీ మాత్రం చెప్పకండి.