అల్లుడి ముత్తాత ఆచూకీ ఇలా దొరికింది
మా అల్లుడిది దక్షిణాఫ్రికా. వాళ్ల పెద్దలు 1820లో అల్గోవా బే రేవులో దిగి గ్రేహమ్స్‌టౌన్ వైపు స్థిరపడ్డారట. అది 1812లో అక్కడి ఖోసా తెగవాళ్లను బ్రిటిష్ వాళ్లు వెళ్లగొట్టిన నేల. మనవరాలికి ఆ సంగతీ చెప్పాలి. ముత్తాత తల్లిదండ్రులెవరో మాత్రం తేలలేదు. బాప్టిజం రిజిస్టర్లలో ఒకే పేరున్నవాళ్లు బోలెడుమంది.

దారి చూపింది డెత్ నోటీస్. అప్పట్లో ఆ ప్రాంతం కేప్ కాలనీ అనే బ్రిటిష్ వలస. అక్కడ మనిషి పోతే దగ్గరివాళ్లు ఆ పత్రం దాఖలు చేయాల్సి ఉండేది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, ఆస్తి వివరాలు అందులో ఉంటాయి. కేప్‌టౌన్ ఆర్కైవ్స్‌లో ఎం.ఓ.ఓ.సి. అనే వారసత్వ ఆస్తుల ఫైళ్ల వరుసలో చూడాలి, చాలా స్కాన్లు వంశచరిత్ర వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితం. ఇంటిపేరు స్పెల్లింగ్ మారడంతో ముత్తాత ఫైలు కనబడలేదు. ముత్తవ్వ పుట్టింటి పేరుతో వెతికితే వచ్చేసింది! వంకర చేతిరాతలో తల్లి పేరు, కింద పిల్లలందరి పేర్లూ వరసగా. వివరాలిచ్చింది కొడుకో అల్లుడో కాబట్టి వయసును పెళ్లి రిజిస్టర్‌తో సరిచూసుకోండి.