ఎక్స్‌ఎమ్‌ఎల్ బ్యాచ్ వాలిడేషన్: స్క్రిప్టు ‘అంతా సరే’ అన్నప్పుడే అనుమానించాలి

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (ట్యాగులతో రాసే పాఠ రూపం) ఉన్న వందల కొద్దీ డాక్యుమెంటేషన్ ఫైళ్లు నియమాల ప్రకారం ఉన్నాయో లేదో స్క్రిప్టుతో ఒకేసారి తనిఖీ (వాలిడేషన్) చేస్తున్నప్పుడు తెర నిండా తప్పులు కనిపిస్తే కంగారు పుడుతుంది. నిజానికి అది మేలు. తప్పు ఏ ఫైలులో ఏ పంక్తిలో ఉందో అక్కడే రాసి ఉంటుంది. కిమ్మనకుండా ‘పూర్తయింది’ అని ముగిసే స్క్రిప్టుతోనే అసలు చిక్కు. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

తప్పులు లేవంటుంది, పీడీఎఫ్ తయారీ మాత్రం మధ్యలో ఆగుతుంది

స్క్రిప్టుకు అసలు ఎన్ని ఫైళ్లు అందాయో ముందు చూడండి. ఫైలు పేరు చివరి పొడిగింపును (ఎక్స్‌టెన్షన్) చిన్న అక్షరాలతో వెతికితే, లినక్స్‌లో పెద్ద అక్షరాల పొడిగింపు ఉన్న ఫైళ్లు దొరకవు. డీటా (సాంకేతిక పత్రాలకు వాడే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) ఫైళ్లకైతే పొడిగింపే వేరుగా ఉండవచ్చు. సున్నా ఫైళ్లలో సున్నా తప్పులు ఉండడంలో వింతేమీ లేదు. తనిఖీ చేసిన ఫైళ్ల సంఖ్యను చివర అచ్చు వేయించండి. అది సున్నా అయితే స్క్రిప్టు విఫలమైనట్టే లెక్క.

సంఖ్య సరిగానే ఉంటే ఎగ్జిట్ కోడ్ (కమాండు ముగిసేటప్పుడు ఇచ్చే ఫలితం అంకె) సంగతి చూడాలి. షెల్‌లో (కమాండ్లను నడిపే ప్రోగ్రాం) లూపు తిరిగి ఇచ్చేది చివరగా నడిచిన కమాండు కోడ్‌నే. నూరు ఫైళ్లలో తొంభైతొమ్మిది చెడినా, నూరోది బాగుంటే ఫలితం సున్నా, అంటే విజయం. అందుకని తప్పులను విడిగా లెక్కపెట్టబోతే అక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఒక పూటంతా నేను అందులోనే ఉన్నాను. ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండు ఇచ్చిన జాబితాను పైపు ద్వారా వైల్ లూపులోకి పంపి, లోపల తప్పుల లెక్కను ఒక్కొక్కటిగా పెంచాను. లూపులో అచ్చు వేస్తే 7, 8, 9 అని పెరుగుతోంది. లూపు దాటిన మరుసటి పంక్తిలో అచ్చు వేస్తే 0. బ్యాష్‌లో మామూలుగా పైపుకు కుడివైపున ఉన్న లూపు సబ్‌షెల్‌లో, అంటే విడిగా పుట్టిన మరో షెల్‌లో, నడుస్తుంది. అది ముగియగానే దానిలోని లెక్క కూడా పోతుంది. జాబితాను ముందు ఒక ఫైలులో రాసి, ఆ ఫైలును లూపుకు రీడైరెక్ట్ చేశాక లెక్క నిలిచింది.

మూడో కారణం చిన్నది, కానీ తరచూ జరిగేది. స్కీమా (ఏ ఎలిమెంటు, అంటే ఏ ట్యాగుల జత, ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల ఫైలు) గానీ, వాలిడ్ ఆప్షన్ గానీ ఇవ్వకపోతే, తనిఖీ సాధనమైన ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ ఫైలు నిర్మాణం ఎక్స్‌ఎమ్‌ఎల్ నియమాలకు తగ్గట్టు ఉందా అన్నదే చూస్తుంది. ఏ ఎలిమెంటులో ఏది రావచ్చో దానికి పట్టదు.

ఈ మూడింటికీ నేను వాడే మందు ఒకటే: రెండు ఎర ఫైళ్లు. ఒకదానిలో కావాలనే ముగింపు ట్యాగు తీసేస్తాను. రెండోదానిలో ట్యాగులన్నీ సరిగా ఉంటాయి, స్కీమా ఒప్పుకోని ఎలిమెంటు ఒకటి ఉంటుంది. ప్రతిసారీ ముందు వీటిని తనిఖీకి పంపాలి. వీటిలో ఏ ఒక్కటి పట్టుబడకపోయినా స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి.

ఫైళ్లన్నీ ఒక్కసారిగా విఫలం

నిన్నటిదాకా బాగున్న ఫైళ్లు ఈరోజు మూకుమ్మడిగా చెడవు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ ఎగ్జిట్ కోడ్ చూడండి. 3 అయితే ఫైలు స్కీమాకు సరిపోలేదు, 5 అయితే స్కీమాయే కంపైల్ కాలేదు. 5 వచ్చినప్పుడు ఫైళ్ల జోలికి వెళ్లకండి. ఈ సాధనానికి ఎక్స్‌ఎస్‌డీలో (స్కీమాలు రాసే ఒక భాష) 1.0 మాత్రమే తెలుసు, 1.1లో రాసిన నియమాలను ఇది చదవలేదు.

కోడ్ 3 వచ్చి, మూల ఎలిమెంటుకు తగిన ప్రకటన లేదని చెబితే అది దాదాపుగా నేమ్‌స్పేస్ (ఎలిమెంట్ల పేర్లు ఏ పదజాలానివో చెప్పే గుర్తింపు) తేడాయే. డాక్‌బుక్ (డీటా లాంటిదే మరో పద్ధతి) 4 ఫైళ్లకు నేమ్‌స్పేస్ లేదు, 5కు తప్పనిసరి. పాత ఫైళ్లను అలాగే తెచ్చి కొత్త స్కీమాతో పోలిస్తే ఒక్కటీ నిలవదు.

ఒకే ఫైలులో డెబ్బై తప్పులు

మొదటిది సరిచేసి మళ్లీ నడపండి. ముగింపు ట్యాగు ఒక్కటి లేకపోయినా కింద ఉన్నవన్నీ తప్పులుగానే కనిపిస్తాయి.

ఎడిటర్‌లో బాగుంది, స్క్రిప్టు ఒప్పుకోదు

కంటికి కనిపించని అక్షరాల పని ఇది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రకటనకు ముందు ఖాళీ పంక్తి ఉన్నా తప్పే. వర్డ్ ప్రాసెసర్ నుంచి తెచ్చిన వంకర కొటేషన్ గుర్తు విండోస్-1252 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) హెక్సా 92 అనే ఒక్క బైటుగా ఉంటుంది. ఫైలు మొదటి పంక్తిలో మరో ఎన్‌కోడింగ్ అయిన యూటీఎఫ్-8 అని రాసి ఉంటే పార్సర్ (ఫైలును చదివే ప్రోగ్రాం) అక్కడే ఆగిపోతుంది. ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ కమాండుతో యూటీఎఫ్-8కు మార్చండి, అయితే చెడిన ఫైళ్లను మాత్రమే. ఇప్పటికే యూటీఎఫ్-8లో ఉన్న ఫైలును మళ్లీ మారిస్తే పాఠమంతా పిచ్చి గీతలవుతుంది.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంలో 11, 12 సంఖ్యల నియంత్రణ అక్షరాలు దూరుతుంటాయి. 32 కంటే తక్కువ సంఖ్యల్లో ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ఒప్పుకునేవి 9, 10, 13 మాత్రమే. మిగిలినవాటిని తొలగించాల్సిందే. హెచ్‌టీఎమ్‌ఎల్ అలవాటుతో రాసిన ఎన్‌బీఎస్‌పీ (పంక్తి విరగని ఖాళీకి పేరు) కూడా డీటీడీలో (స్కీమా లాంటి పాత తరహా నియమాల ఫైలు) ప్రకటించకపోతే చెల్లదు. దాని బదులు   అనే సంఖ్యా రూపం రాయండి.

గంటల తరబడి నడుస్తుంది, ఒక్కోసారి కదలదు

ప్రతి ఫైలుకూ డీటీడీని నెట్ నుంచి తెచ్చుకుంటోందేమో చూడండి. ఇలాంటి అభ్యర్థనలు రోజుకు 13 కోట్ల దాకా వస్తున్నాయని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లోనే మొత్తుకుంది. డీటీడీ ప్రతిని మీ దగ్గర పెట్టుకుని, కేటలాగ్ ఫైలులో దాని చిరునామా రాసి, నెట్‌ను వాడనివ్వని నోనెట్ ఆప్షన్‌తో నడపండి. విసుగెత్తి డీటీడీని చదవడమే మాన్పిస్తే డీటా ఫైళ్లు దెబ్బతింటాయి. వాటి క్లాస్ ఆట్రిబ్యూట్లు (ఎలిమెంటు ఏ రకమో చెప్పేవి) మామూలుగా డీటీడీ నుంచే వస్తాయి, తర్వాతి దశలు వాటి మీదే ఆధారపడతాయి.

ఫైలుకొక ప్రోగ్రాం తెరవడం కూడా దండగే. ఒకే పిలుపులో చాలా ఫైళ్లు ఇస్తే స్కీమా ఒక్కసారే కంపైల్ అవుతుంది.

అన్నీ వాలిడ్, లింకులు మాత్రం తెగిపోయాయి

ఐడీలు ఒక ఫైలు లోపల రెండుసార్లు రాలేదని డీటీడీ చెప్పగలదు. పక్క ఫైలులోకి వెళ్లే లింకు సంగతి దానికి తెలియదు. దీనికి వేరే స్క్రిప్టు కావాలి. లింకులన్నీ పోగుచేసి, హ్యాష్ గుర్తు దగ్గర రెండుగా విడదీసి, ఎడమ భాగంలోని ఫైలు ఉందా, కుడి భాగంలోని ఐడీ ఆ ఫైలులో ఉందా అని చూడాలి. ఫైలు పేరును అక్షరం అక్షరం పోల్చండి. పెద్ద, చిన్న అక్షరాల తేడాను పట్టించుకోని విండోస్‌లో తెరుచుకున్న లింకే లినక్స్ సర్వర్‌లో తెగిపోయి కనిపిస్తుంది.